శుక్రవారం నాడు మరియమ్మను పంపలేదు

పని ఏమిటంటే

ఉపదేశి పనికి కొత్తగా వచ్చే పిల్లలు మా ఇంటికి వస్తే ముందు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు, తర్వాత గొంతు సవరించుకుంటారు. ఆ తర్వాత అందరూ అడిగేది ఒకటే, మీ కాలంలో ఎంతమందిని గుడిలో చేర్చినారు అని. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ లెక్క పైవాడు చూసుకుంటాడు, నువ్వు కాఫీ తాగు నాయనా అంటాను. ముసలోడికి మతి తప్పిందనుకుని వాళ్లు కాఫీ తాగి పోతారు. అందుకే ఈ నాలుగు మాటలు రాసి పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక సంగతి. కథోలిక గుళ్లకు ఫాదరు ఒక్కడు, ఆయన తిరగాల్సిన ఊళ్లు బోలెడు. ఆయన రాలేని చోట ప్రార్థన నడిపేవాడు, పిల్లలకు జపాలు నేర్పేవాడు, పెళ్లికీ చావుకూ ముందు నడిచేవాడు ఉపదేశి. పైకి చెప్పుకునే పని ఇది. అసలు పని మాత్రం జనం వాకిళ్లలో నిలబడటం, వద్దన్నా కాఫీ తాగటం, మొగుడూ పెళ్లాల తగవు విని ఎవరి పక్కా మాట్లాడకుండా బయటపడటం. చెప్పులు అరిగినందుకు ఇచ్చే జీతం అని మా ఆవిడ అంటుంది. ఆమె ఏదన్నా అంటే కాదనే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నా పేరు చిన్నప్ప. జనం ఉపదేశినీ అప్పనూ కలిపి ఉపదేశప్ప చేసేశారు. మా గుడి తోరణగల్లు నుంచి సండూరు కొండలకు పోయే దారి పక్కన ఉండేది. గనులు జోరుగా నడిచిన కాలం. ఇనుప రాయి నింపుకున్న టిప్పర్లు పగలనక రాత్రనక ఒకదాని వెనక ఒకటి పోతుంటే, ఆ ఎర్ర దుమ్ము మా గుడి మీద, మా అన్నం మీద, మా మరియమాత మీద సమానంగా పడేది. ఆ తల్లి నీలం పైట మేము ఎంత తుడిచినా సాయంత్రానికి కావి రంగుకు తిరిగేది. తెల్ల చొక్కా వేసుకునే ఉపదేశి అంటే మా చుట్టుపక్కల ఎవరికీ తెలియదు.

గంట కొట్టినా ఎవరూ రాలేదు

మా వాళ్లకు రోజుకు మూడు పూటలా త్రికాల జపం ఉంటుంది. గుడి గంట మోగితే చేతిలో పని ఆపి, దేవదూత మరియమ్మకు కబురు తెచ్చిన సంగతి తలుచుకుని జపం చెప్పుకోవాలి. చిన్నప్పుడు మా ఊళ్లో గంట మోగితే వరిమళ్లలో నడుం వంచిన ఆడవాళ్లు అట్లాగే నిలబడిపోయేవాళ్లు. ఈ దారికి వచ్చాక నేనూ అదే ఉత్సాహంతో గంట కొట్టాను. చేతులు బొబ్బలెక్కేలా కొట్టాను. ఒక్క పురుగు రాలేదు. నాకు కోపం వచ్చి ఆదివారం ప్రార్థనలో అందరినీ చెడామడా తిట్టాను. చివర్లో ఒక ముసలామె లేచి నెమ్మదిగా అడిగింది, "గంటా? యాడ కొడతాండావప్పా?" అని.

లారీల మోతలో నా గంట గుడి గోడ దాటలేదు. వినపడని పిలుపుకు రాలేదని జనాన్ని తిట్టడం ఎంత తెలివితక్కువో అప్పుడు తెలిసింది. ఆ మర్నాటి నుంచి గంట మానేసి నేనే బయలుదేరాను. ఉక్కు ఫ్యాక్టరీ కంపెనీ బస్సు షిఫ్టు దింపే చోట ఆడవాళ్లు మొగుళ్ల కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంటారు. అక్కడ నిలబడే త్రికాల జపం మొదలుపెట్టాం. బస్సు ఆలస్యమైన రోజు జపమాల కూడా అయిపోయేది. బస్సు వేళకు వస్తే మా భక్తి కొంచెం తగ్గేది, అది వేరే సంగతి.

అప్పటి మా ఫాదరు మంగళూరు వైపు మనిషి. తెలుగు జపపుస్తకంలో నేర్చుకున్నాడు, అందుకే అందరితోనూ జపపుస్తకంలానే మాట్లాడేవాడు. టీ కొట్టులో "నాకు కొంచెము చక్కెర దయచేయుము" అంటే ఆ కొట్టువాడు బెదిరిపోయి డబ్బులు తీసుకోలేదు. కానీ మనిషి బంగారం. ఒకసారి ఒక టిప్పర్ డ్రైవరు మా గుడికి వచ్చి జపమాల అడిగి తీసుకుపోయి, బండి ముందర నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండతో పాటు వేలాడదీశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఫాదరు దగ్గరికి పరుగెత్తి, దించేయమని చెప్పనా అని అడిగాను. ఆయన "మిరపకాయలు ఎండిపోవును, జపమాల ఎండిపోదు. అచ్చటనే ఉండనిమ్ము" అన్నాడు. నా ఉద్యోగంలో నన్ను నడిపిన పైవాళ్లలో నాకు నచ్చినవాడు ఆయనే. మిగతావాళ్ల గురించి రాస్తే ఫాదరు ముందు మోకరించి పాపసంకీర్తనం చేసుకోవాల్సి వస్తుంది.

సుగుణమ్మ కాఫీ

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా గుడి వెనక వీధిలో సుగుణమ్మ అనే పెద్దావిడ ఉండేది. మిషన్ హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరయింది. తాత ముత్తాతల నుంచి ప్రొటెస్టెంటు సంఘంలో ఉన్న కుటుంబం. బైబిలు ఆమెకు కరతలామలకం. మనిషి సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం హాస్టలంతా వినపడేది. నేను ఆ వీధిలో పోతుంటే పిలిచి మరీ కాఫీ ఇచ్చేది. కాఫీతో పాటు ఒక వచనం కూడా ఇచ్చేది. విగ్రహాలు చేసుకోకూడదని ఎక్కడెక్కడ రాసి ఉందో చెప్పి, "దీనికి మీ ఫాదరు ఏమంటాడో అడుగు ఉపదేశప్పా" అనేది. ఏళ్ల తరబడి ఆమెతో వాదించి ఒక్కసారి కూడా గెలవలేదు. కాఫీ బాగుండేది కాబట్టి పోవడం మానలేదు.

ఆమె ఒక్కగానొక్క కొడుకు జయరాజు తోరణగల్లు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. అతను సిరుగుప్ప వైపు మా కథోలిక పిల్ల రోజమ్మను ఇష్టపడి చేసుకున్నాడు. అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత. ఈ పిల్ల అత్త ఉన్నా ఉత్తమురాలే. నోట్లో నాలుక లేదు. పెళ్లయ్యాక అత్తగారి సంఘానికే పోయేది, ఆ పాటలే పాడేది. ఒక్కటి మాత్రం లోపల పెట్టుకుంది. పుట్టింటి జపమాల బీరువాలో చీరల కింద ఉండిపోయింది. ఆ ఇంట్లో మరియమ్మ పేరు పైకి అనడానికి లేదు. సుగుణమ్మ కోడలిని ఒక మాట అనేది కాదు, చేయి చేసుకునేది అంతకన్నా కాదు. ఊరికే చూసేది. ఆ చూపు చాలు.

రోజమ్మకు రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు, ఆరో నెలలో డాక్టరమ్మ మంచం దిగొద్దని చెప్పింది. ఆ పిల్ల అట్లా పైకప్పు చూస్తూ పడుకుని ఉండేది. నేను చూడటానికి పోయిన రోజు, సుగుణమ్మ లోపల కాఫీ కలుపుతుండగా, రోజమ్మ నా వైపు తిరిగి చిన్న గొంతుతో అడిగింది. అక్టోబర్ నెలలో మరియమాత అందరిళ్లకూ పోతుంది గదా, ఒక్క సాయంత్రం ఈ ఇంటికి వస్తుందా అని. ఆమె ముందర నోరు తెరిచి ఒక్కసారి జపమాల చెప్పుకోవాలని ఉంది అంది. ఇంకేమీ అడగలేదు. బిడ్డ దక్కాలని కూడా అడగలేదు. ఆ పిల్ల భయం అంతా ఆ ఒక్క కోరికలో దాచుకుంది.

ఆ ఆచారం గురించి రెండు మాటలు. అక్టోబర్ మాకు జపమాల నెల. అద్దాల పెట్టెలో చిన్న మరియమాత స్వరూపం ఒకటి ఉంటుంది. నెలంతా అది ఇంటింటికీ తిరుగుతుంది. ఈ సాయంత్రం ఒక ఇంట్లో దిగి, అక్కడ జపమాల చెప్పించుకుని, ఆ రాత్రి వాళ్ల అతిథిగా ఉండి, మర్నాటి సాయంత్రం పక్కింటికి బయలుదేరుతుంది. వెనకాల మేము కొవ్వొత్తులతో పోతాం. కొవ్వొత్తులు ప్రతి టిప్పరుకూ ఒకసారి ఆరిపోతాయి.

సుగుణమ్మను అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అడిగింది జయరాజే. తల్లీ కొడుకుల మధ్య ఏం నడిచిందో తెలియదు. రెండు రోజులు నాకు ఆ వీధిలో కాఫీ లేదు. తర్వాత ఆమే పిలిచి చెప్పింది, "ఆఖరి శుక్రవారం సాయంత్రం తీసుకరా. ఒగ పూట అష్టే, ఇంగో పూట లేదు. ఆ పూట రాకపోతే మళ్ల అడగొద్దు." ఆ నెలకు శుక్రవారమే ఆఖరి రోజు. మర్నాటితో స్వరూపం గుడికి చేరిపోతుంది. రోజమ్మ మొహం చూడాలి మీరు. ఆ రోజు నుంచి అన్నం సరిగా తినడం మొదలుపెట్టిందని సుగుణమ్మే నాతో చెప్పింది, ఎందుకో నా మీద కోపంగా.

గురువారం

ముందు రోజు, గురువారం, దోణిమలై గనిలో పని చేసే ఒకాయన ఇంటి వంతు. స్వరూపం ఎత్తుకుని మేము పోయేసరికి తలుపుకు తాళం. అత్తగారికి బాగాలేదని ఇంటిల్లిపాదీ ఊరికి పోయారు, చెప్పే తీరిక లేకపోయింది. నా వెంట వచ్చిన వాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. నేను మరియమ్మను నెత్తిన పెట్టుకుని నడివీధిలో నిలబడ్డాను.

బుద్ధి ఉన్నవాడైతే తిన్నగా గుడికి పోతాడు. నేను పోతుంటే సుంకన్న ఇంటి ముందు ఓబులవ్వ నిలబడి ఉంది. సుంకన్న ఆ చుట్టుపక్కల పాత రైతు. వేరుశనగ పండించుకునేవాడు, గనులు వచ్చాక టిప్పర్లు కొన్నాడు. బయట ఎంత పెద్దమనిషైనా ఇంట్లో తల్లి ఓబులవ్వ మాటే మాట. ఆమె చెంబుతో నీళ్లు పట్టుకుని గేటు దగ్గర నిలబడి, ఆయమ్మ అందరిళ్లకూ పోతాంది గదా, మా ఇంటికి రాకూడదా అని అడిగింది. ఆమె హిందువు. మా గుడి మెట్టు ఎప్పుడూ ఎక్కలేదు. పిలవని చోటికి పోయి సువార్త చెప్పమని నాకు ట్రైనింగులో నేర్పారు, ఇక్కడ చూస్తే వాళ్లే పిలుస్తున్నారు. నా గుండె పొంగిపోయింది. ఆ పొంగులో ఇంకేమీ ఆలోచించలేదు.

ఓబులవ్వ నా కాళ్ల మీద, నేను మోస్తున్న పెట్టె కింద నీళ్లు పోసి లోపలికి పిలిచింది. స్వరూపాన్ని కొత్త పీట మీద కూర్చోబెట్టింది. మరియమ్మ మొహం మీది ఎర్ర దుమ్ము తన కొంగుతో తుడిచింది. నేను జపమాల చెప్పాను, వాళ్లు చేతులు జోడించి విన్నారు. మాతృత్వం గురించి ఒక చిన్న ప్రసంగం కూడా ఇచ్చాను. చాలా బాగా వచ్చిందని నాకు అనిపించింది. మరునాడు సాయంత్రం రోజమ్మ ఇంటికి ఎట్లాగూ పోవాలి, ఈ రాత్రికి ఇక్కడే ఉంచితే ఒక హిందూ ఇల్లు పునీతమవుతుంది గదా అని లెక్క వేసుకుని, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాను. మా ఆవిడ సంగతంతా విని ఒక్కటే అడిగింది, రేపు ఏ వారమో తెలుసా అని. శుక్రవారం అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి దీపం తగ్గించి పడుకుంది.

శుక్రవారం

సాయంత్రం పోయి చూస్తే మరియమ్మకు ఆకుపచ్చ పట్టుచీర చుట్టి ఉంది. పెట్టె ముందు ఒడిబియ్యం, పసుపు కుంకుమ, గాజులు. ఆ తల్లి చేతులు జోడించుకుని ఉంటుంది కాబట్టి గాజులు తొడగడానికి వీలు కాలేదట, పాదాల దగ్గర పెట్టారు. ఇంట్లో పరమాన్నం వాసన. నాకు సంతోషమే అయింది. ఇక బయలుదేరతామవ్వా అన్నాను.

ఓబులవ్వ నన్ను వింతగా చూసింది. "శుక్రవారం ఆడబిడ్డను యాడికి పంపేదప్పా? ఇల్లు ఏం గావాల?"

ఇది నేను తెలుగువాణ్ణై ఉండి మరిచిపోయిన సంగతి. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను మంగళవారం, శుక్రవారం అత్తింటికి పంపరు. పంపితే ఆ ఇంటి లక్ష్మి వెంట పోతుందంటారు. కాళ్లు కడిగి, చీర పెట్టి, ఒడి నింపాక మరియమ్మ వాళ్ల లెక్కలో ఆ ఇంటి ఆడబిడ్డ అయిపోయింది. నేను నా ట్రైనింగంతా బయటికి తీశాను. ఈమె ఆడబిడ్డ కాదు, రక్షకుడి తల్లి అన్నాను. సర్వేశ్వరుడి వరప్రసాదం పొందిన కన్య అన్నాను. ఈమెకు వారాలు, వర్జ్యాలు లేవన్నాను.

"దేవునికి తల్లయితే ఏమప్పా," అంది ఓబులవ్వ, "ఒగరింటి ఆడబిడ్డ గాదా?"

సుంకన్నను పక్కకు పిలిచి బతిమాలాను. బయట ఇరవై మంది డ్రైవర్లను అదిలించే ఆ మనిషి నా చేయి పట్టుకుని, మా అమ్మతో నువ్వే మాట్లాడుకో ఉపదేశప్పా, నాకు పిల్లలున్నారు అన్నాడు. రేపు శనివారం పొద్దున్నే మేళతాళాలతో పంపిస్తాను అని ఓబులవ్వ అభయమిచ్చింది. శనివారం ఎవరికి కావాలి. సుగుణమ్మ మాట శుక్రవారానికి.

పెట్టె గుంజుకుని పోదామని కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ ముసలమ్మ తన కొంగుతో తుడిచిన మొహం అది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో నిలబడి అనుభవించాను. చివరికి ఖాళీ చేతులతో సుగుణమ్మ ఇంటికి పోయాను.

రోజమ్మ తల దువ్వుకుని, పూలు పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జపమాల బీరువాలోంచి బయటికి వచ్చి ఒళ్లో ఉంది. నేను సంగతి చెప్పాను. సుగుణమ్మ సంతోషిస్తుందని అనుకున్నాను. ఆమె మొహంలో ఆ సంతోషం కనపడలేదు. రోజమ్మ ఏడవలేదు. జపమాల మడిచి దిండు కింద పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది. నేను చేసిన ఏ పాపానికీ నాకు అంత బాధ కలగలేదు.

సుగుణమ్మ కోడలి వీపు వైపు ఒకసారి చూసింది. తర్వాత నా మీద పడింది. బుద్ధి ఉండాదా నీకు, ఆరో నెల మనిషికి ఆశ పెట్టి ఇట్లా చేస్తావా అని హాస్టలు గొంతుతో తిట్టింది. జయరాజు ఆ పూట షిఫ్టులో ఉన్నాడు కాబట్టి అతని వంతు తిట్లూ నేనే తిన్నాను. తిట్టి తిట్టి, గూట్లోంచి బైబిలు తీసుకుంది, చెప్పులు వేసుకుంది. పక్కింటామెను కోడలి దగ్గర కూర్చోబెట్టి, ఎర్ర దుమ్ములో టిప్పర్ల పక్కన గబగబా నడిచి సుంకన్న ఇంటి ముందు ఆగింది. నేను వెనకాల పరుగెత్తాను.

ఇద్దరు పెద్దవాళ్లు

ఒకరు కథోలిక స్వరూపాన్ని ఇంట్లోకి రానివ్వనన్న ప్రొటెస్టెంటు. ఇంకొకరు దాన్ని బయటికి పంపనన్న హిందువు. మధ్యలో మా గుడి మనిషిని నేను ఒక్కణ్ణే, నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

సుగుణమ్మ వాదనలోకి దిగలేదు. నాతో అయితే పది వచనాలు చెప్పేది. ఓబులవ్వ పక్కన అరుగు మీద కూర్చుని తన కోడలి సంగతి చెప్పింది. రెండు పోయినాయి, ఇది మూడోది, మంచం దిగకూడదు, ఏమీ అడగని పిల్ల ఈ ఒక్కటే అడిగింది అని చెప్పింది. చెబుతుంటే ఆ పెద్ద గొంతు చిన్నదైపోయింది. ఓబులవ్వ అయ్యో అంది, కానీ తల అడ్డంగానే ఊపింది. శుక్రవారం గదమ్మా అంది.

అప్పుడు సుగుణమ్మ బైబిలు తెరవకుండానే దాని మీద చేయి పెట్టింది. "మా పుస్తకంలో ఉండాదవ్వా. ఎలీసబెత్తు అని ఒగ పెద్దామె. బిడ్డలు లేక లేక కడుపుతో ఉండాది. ఆమెకు గూడా ఆరో నెల. ఈయమ్మకు అది తెలిసి, కొండలెక్కి ఆమె ఇంటికి పోయింది. కడుపుతో ఉండే మనిషి ఈమె దగ్గరికి రాలేదు. ఈమే పోయింది."

"కొండలెక్కి పోయిందా?" అంది ఓబులవ్వ. "ఒంటిగానా?"

"తోడు ఉన్నట్టు రాయలేదు. త్వరగా పోయిందని మాత్రం రాసుండాది."

ఓబులవ్వ లోపల పీట మీద కూర్చున్న మరియమ్మ వైపు తిరిగి చూసింది. ఆ కథ నేను నా ఉద్యోగమంతా చెప్పాను. ఆ ముందు రోజు ఇదే ఇంట్లో ప్రసంగంలో కూడా అన్నాను. నేను చెప్పినప్పుడు ఎవరూ ఆమెను అట్లా చూడలేదు.

"కాన్పు మనిషికి తోడు పోయేదానికి వారం లేదు, వర్జ్యం లేదు," అంది ఓబులవ్వ లేస్తూ. "ఈ మాట ముందే చెప్పకూడదాప్పా నువ్వు? సుంకా, బండి తియ్యి."

టిప్పరులో

సుంకన్న ఆ పూట లోడు దింపి వచ్చిన టిప్పరు తీశాడు. ముందర అద్దం కడిగించాడు. ఆడబిడ్డను నడిపించి పంపితే మాకు మర్యాద కాదని ఓబులవ్వ పట్టుబట్టింది. క్యాబిన్లో ఓబులవ్వ, ఆమె ఒళ్లో పట్టుచీర కట్టుకున్న మరియమ్మ, పక్కన ఒడిబియ్యం మూటతో సుగుణమ్మ. నన్ను వెనక ఇనుప రాయి పోసే చోట ఎక్కించారు. ఉపదేశి అనేవాడు ముందు నడవాలని పుస్తకంలో ఉంది. సండూరు కొండ సగం నా గొంతులోకి పోయింది.

దిగేసరికి నేను ఇటుక బట్టీ మనిషిలా ఉన్నాను. స్వరూపాన్ని ఓబులవ్వే మోసుకుపోయి, రోజమ్మ మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. రోజమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. చేయి చాపి పెట్టె అద్దం తాకింది, ఆ చేయి వెనక్కి తీయలేదు. సుగుణమ్మ అటు చూడకుండా వంటింట్లోకి పోయి, గుమ్మం దగ్గర పీట వేసుకుని మాకు వీపు చేసి కూర్చుంది. నేను మాట ఇచ్చినాను, నిలబెట్టుకున్నాను, ఇక నాకు దీంతో పని లేదు అన్నట్టుంది ఆ వీపు.

జపమాలకు వారాన్ని బట్టి ధ్యానాలు ఉంటాయి, శుక్రవారం క్రీస్తు పాట్లను తలుచుకునే దుఃఖ దేవరహస్యాలు ధ్యానించాలి. రోజమ్మ సంతోషానివి చెప్పుకుందామప్పా అంది. సరే అన్నాను, ఆ రోజు వారాల లెక్క ఎట్లాగూ తప్పింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. దగ్గు వచ్చింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ దగ్గు. ఎర్ర మట్టి తప్ప గొంతులోంచి ఏమీ రావడం లేదు. ఓబులవ్వ నీళ్లిచ్చింది. నీళ్లు పోయాయి, మాట రాలేదు.

జపమాలలో పూస పూసకూ వచ్చే మంగళవార్త జపం ఒక్కరే చెప్పేది కాదు. మొదటి సగం నడిపేవాళ్లు చెబుతారు, రెండో సగం మిగిలినవాళ్లు అందుకుంటారు. అక్కడ జపం తెలిసినవాళ్లం ఇద్దరం, అందులో నేను మూగవాణ్ణి. రోజమ్మ తానే మొదటి సగం ఎత్తుకుంది. ఏళ్ల తర్వాత నోరు తెరిచి చెబుతోంది గదా, రెండు మాటలు అనేసరికి గొంతు పూడుకుపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. వెక్కిళ్లు వచ్చాయి. అంత ఏడవకూడదమ్మా, కడుపుకు మంచిది కాదు అని ఓబులవ్వ వీపు నిమురుతోంది. ఇంత చేసి ఆ పిల్ల కోరిక నా దగ్గు పాలైందే అని నాకూ ఏడుపొచ్చింది.

అప్పుడు వంటింటి గుమ్మం నుంచి మాట వినపడింది.

మొదటి సగంలో ఉన్నవి దేవదూత మరియమ్మతో అన్న మాటలు, ఎలీసబెత్తు ఆమెతో అన్న మాటలు. రెండూ లూకా సువార్తలో ఉన్నాయి. సుగుణమ్మ వాటిని మా జపంలో ఉన్నట్టు కాకుండా తన బైబిలులో ఉన్నట్టు చెప్పింది. మాకు వీపు తిప్పే చెప్పింది. దూత మాట చెప్పింది, ఎలీసబెత్తు మాట చెప్పింది, పుస్తకంలో ఎక్కడ ఆగిపోయిందో సరిగ్గా అక్కడ ఆగిపోయింది. రోజమ్మ కళ్లు తుడుచుకుని, మా కోసం ప్రార్థించమని మరియమ్మను అడిగే రెండో సగం అందుకుంది.

ఒకటి అయింది. సుగుణమ్మ మళ్లీ మొదలుపెట్టింది. అట్లా పూస పూసకూ అత్త సగం, కోడలు సగం. జపమాల మొత్తం నడిచింది. మధ్యలో టిప్పర్లు పోయినప్పుడు ఇద్దరూ ఆగి, మోత తగ్గాక మళ్లీ అందుకున్నారు. చివరికి వచ్చేసరికి సుగుణమ్మ పీట కొంచెం మా వైపు తిరిగింది. నేను గోడకు ఆనుకుని ఊరికే ఏడ్చాను. ఓబులవ్వ కూడా ఏడ్చింది. మొహం అంతా ఎర్రమట్టి కాబట్టి నా ఏడుపు మాత్రం చారలు చారలుగా అందరికీ కనపడింది.

లేచి పోతుంటే సుగుణమ్మ వాకిట్లో నన్ను ఆపింది. "నేను బైబిలు చదివినా, అష్టే. మీ ఫాదరుకు పోయి ఇంకో రకంగా చెప్పొద్దు," అంది. చెప్పనమ్మా అన్నాను. చెప్పాను, అది వేరే సంగతి. ఫాదరు విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, "సువార్త ప్రకటింపబడెను. నీ నోరు మూయబడెను. రెండును మంచివే" అన్నాడు.

శనివారం

ఇదంతా చదివి కొత్త ఉపదేశులు, మాట్లాడటం మానేయాలా అని అడుగుతారేమో. మానొద్దు. నేర్చుకున్నది చెప్పండి. కానీ మనం మోసుకుపోయే తల్లి మనకంటే ముందే ఆ ఇళ్లకు పోయి ఉంటుందని, ఒకరింట్లో ఆడబిడ్డగానూ ఒకరింట్లో వచనంగానూ కూర్చుని ఉంటుందని గుర్తు పెట్టుకోండి. మనది మోత పని. మోసేవాడికి కొంచెం దుమ్ము పడుతుంది.

మర్నాడు పొద్దున స్వరూపాన్ని గుడికి చేర్చాలని సుగుణమ్మ ఇంటికి పోయాను. ముందే చెప్పేస్తాను, బిడ్డ నిక్షేపంగా పుట్టింది, ఇప్పుడు నర్సింగు చదువుతోంది, సుగుణమ్మ గొంతే వచ్చింది. కానీ ఆ పొద్దున అది ఎవరికీ తెలియదు. మరియమ్మ మంచం తలాపున ఉంది. రోజమ్మ ఒక చేయి ఆ పెట్టె మీద వేసి నిద్రపోతోంది. అట్లా ఒళ్లు తెలియకుండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో అని సుగుణమ్మ గొణిగింది.

నేను పెట్టె వైపు ఒక అడుగు వేశాను. ఆమె అడ్డం వచ్చింది. చేతిలో బైబిలు, ఒక పేజీలో వేలు.

"మరియ ఎలీసబెత్తు ఇంట్లో ఎన్నాళ్లుండింది ఉపదేశప్పా?"

నాకు తెలుసు. ఇంచుమించు మూడు నెలలు ఉండి ఆ తర్వాత తన ఇంటికి పోయిందని ఉంది. అదే చెప్పాను.

"ఈ పిల్లకు ఇంగా మూడు నెలలు ఉండాది," అంది సుగుణమ్మ. ఏళ్ల తరబడి నన్ను ఓడించిన మనిషి, మొదటిసారి నా మొహంలోకి అడుగుతున్నట్టు చూసింది.

నేను అడుగు వెనక్కి తీసుకున్నాను. ఫాదరుకు నేను చెప్పుకుంటానన్నాను. రోజూ సాయంత్రం వచ్చి జపం నడపమంటారా అమ్మా అని అడిగాను.

"నీకెందుకప్పా శ్రమ," అంది ఆమె, గుమ్మం తలుపు మెల్లగా దగ్గరికి వేస్తూ. "సగం నాకొస్తుంది, సగం దానికొస్తుంది."